ఊడని పడవ

అక్కకి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. కూరలవాడు కొసరు వేసినా కాటా వంక చూసేది. కుట్టుపని చేసేవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి కూడా. నవ్వుతూ కొలతలిచ్చినవాళ్ళే ఆనక చొక్కా బిగుతైందని పోట్లాటకొస్తారు.

అలాంటి మనిషికి, "మన నేల, మన పాలన" అంటూ పుట్టిన కొత్త పార్టీ అధ్యక్షుడు బొత్తిగా నచ్చలేదు. మరీ మెత్తగా మాట్లాడతాడు. పైగా తను పెంచి పెద్దచేసిన తమ్ముడు బస్సు డ్రైవరు ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఆయన వెనకాల తిరుగుతున్నాడు. వాణ్ణి ఎక్కడ ముంచుతాడోనని ఆవిడ భయం.

జెండాల పని తెచ్చింది తమ్ముడే. ఆకుపచ్చ గుడ్డ, మధ్యలో తెల్ల పడవ.

"పడవకి మిషను కుట్టు వద్దక్కా. చేత్తో వదులుగా నాలుగు కుట్లెయ్యి చాలు. అధ్యక్షుడుగారు చెప్పమన్నారు."

"ఎందుకట?"

"తొందర పనిట."

తొందరైతే మిషను మీద కుట్టించాలి గాని చేత్తోనా? ఊడదీసే ఉద్దేశం ఉన్నవాడే వదులుగా కుట్టిస్తాడు. రేపు ఏ పెద్ద పార్టీలోనో కలిసిపోయి, పడవ తీసేసి వాళ్ళ గుర్తు వేయిస్తాడు. తన వెర్రిబాగుల తమ్ముణ్ణి నట్టేట వదిలేస్తాడు. "నీ జిత్తులు నా దగ్గరా?" అనుకుని, ప్రతి పడవకీ చుట్టూ రెండు వరసల మిషను కుట్టు బిగించింది. తమ్ముడితో ఆ మాట అనలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ పార్టీ పెద్ద పార్టీలో కలిసిపోయిందని రేడియోలో చెప్పారు.

"నే చెప్పలా!" అంది అక్క, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

ఆ సాయంత్రం అధ్యక్షుడు ఒక్కడే వచ్చాడు, చేతిలో చిరిగిన జెండాతో. అక్క కూర్చోమనలేదు.

"కలిసిపోయారుగా, ఇంకా పడవెందుకండీ?"

"నేను కలవలేదమ్మా. కుర్రాళ్ళే వెళ్ళిపోయారు. గుర్తు ఊడదియ్యబోతే రాలేదట, చింపి పారేశారు. గట్టిగా కుట్టమని మీ తమ్ముడితో చెప్పి పంపాను, అలాగే కుట్టారు. ఈ చిరుగు కాస్త..."

అక్క కుర్చీ లాక్కొచ్చి ఆయనకి వేసింది.

అంతలోనే తమ్ముడు జెండాల మూటతో గుమ్మంలో దిగాడు. చొక్కాకి పెద్ద పార్టీ బ్యాడ్జీ మెరుస్తోంది.

"ఇదేం కుట్టక్కా, చస్తే ఊడట్లేదు! వదులుగా వెయ్యమంటే వినవు కదా!"

"వదులుగా వెయ్యమన్నది ఎవర్రా?"

వాడప్పుడు చూశాడు, కుర్చీలో ఉన్న మనిషిని.

ఊరందర్నీ అనుమానించిన అక్కకి, తన చేత్తో తినిపించి పెంచినవాణ్ణి అనుమానించాలని ఒక్కనాడూ తోచలేదు.

"మూట తీసుకుని పో," అంది.

తర్వాత చిరిగిన జెండా మిషను కింద పెట్టి కూర్చుంది. కళ్ళు మసకలు కమ్మి, సూదిలోకి దారం ఎక్కడానికి చాలాసేపు పట్టింది.