గునపం ఎక్కడ ఉంది

సౌనా వెలిగించే ముందు గునపం ఎక్కడుందో చూసుకుంటాను.

శనివారం నా పని ఇది. సరస్సు మీద మంచులో కొట్టిన కన్నంలోంచి నీళ్లు తోడి తొట్టి నింపాలి. బల్లలు రుద్ది కడగాలి. భూర్జ కట్టెలు పేర్చి నిప్పంటించాలి. ఆవిరిస్నానానికి రాళ్లు కాగేదాకా పొయ్యి వదలకూడదు. మధ్యలో పరిగెత్తుకెళ్లి ఓవెన్లో రొట్టె చూడాలి, చంటివాడికి పాలు పట్టాలి. అంతా అయ్యాక మగవాళ్లు ముందు స్నానం చేస్తారు. మిగిలిన వేడి మాది. మా అత్తగారు హిల్యా దీన్ని 'సెలవురోజు' అంటుంది.

మంచు కన్నం గడ్డకట్టకుండా పొడిచేందుకు గునపం వాడతాం. నా భుజం దాటేంత పొడుగు, పట్టుకుంటే చేతులు లాగేంత బరువు. దాని చోటు పడవ షెడ్డు గోడ. ఒక్కసారి తప్ప, క్రిస్మస్ దాకా అక్కడే ఉండేది. ఆ తర్వాత ఒక శనివారం కట్టెల కుప్ప దగ్గర కనిపించింది. మరో శనివారం దారి మలుపులో. ఆ తర్వాత సౌనా మెట్టు దగ్గర. ఈ రోజు తలుపు పక్కనే, గోడకి ఆనించి ఉంది.

"ఏం చూస్తున్నావే?" వెనకనుంచి నా భర్త ఎల్మెరి గొంతు.

"ఏం లేదు."

"గునపమే కదా. కరుస్తుందా?"

నవ్వాడు. ఆ నవ్వు మా ప్రార్థన సంఘంలో అందరికీ ఇష్టం. ఎల్మెరి అంత మెత్తని మనిషి లేడంటారు. పెళ్లినాడు నేనూ అదే అన్నాను.

మా వైపు సౌనా తలుపులకి గడియ పెట్టరు. బయటికే తెరుచుకుంటాయి, వేలితో తోస్తే చాలు. లోపల కళ్లు తిరిగినవాడు ఒరిగి పడినా తలుపు తెరుచుకోవాలని తాతలు అలా కట్టారు. మాది పాత సౌనా, ఒకే గది. బట్టలు బయట వసారాలో విప్పుకుంటాం. కిటికీ అరచేయంత.

పోయిన శరదృతువులో ఎల్మెరి సరస్సులో వలలు మరిచిపోయి వచ్చాడు. చేపలన్నీ కుళ్లిపోయాయి. అత్తగారింట్లో కాఫీ తాగుతూ ఆ మాట చెప్పి నేను నవ్వాను. అంతే, నవ్వాను. ఆ శనివారం నేను లోపల ఉండగా బయట ఇనుము చెక్కకి తగిలిన చప్పుడైంది. తలుపు తోశాను. రాలేదు. భుజంతో తోశాను. రాలేదు. "ఎల్మెరీ!" అని అరిచాను. గుమ్మం అవతల అతను నిలబడి ఉన్నాడు. ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి ఆ ఊపిరి కూడా వెళ్లిపోయింది. నేల మీద బోర్లా పడుకుని తలుపు కింది సందులో మూతి పెట్టి గాలి పీల్చాను. నిప్పు నేనే వేశాను, బాగా మండే కట్టెలు ఏరి మరీ వేశాను. ఆ ఆలోచనే తిరిగి తిరిగి వచ్చింది.

మా అమ్మాయి సైమి వచ్చి గునపం లాగేసింది. దానికి పదకొండేళ్లు.

ఆదివారం ప్రార్థన మందిరంలో ఎల్మెరి అందరి ముందూ ఏడ్చాడు. "కోపంలో నా భార్యని నొప్పించాను" అన్నాడు. అంతే అన్నాడు. తలుపు అనలేదు, గునపం అనలేదు. మా సంఘంలో ఎవరైనా క్షమాపణ అడిగితే ఎదుటివాళ్లు మెడ చుట్టూ చేతులు వేసి పలకాలి. పలికాను. "యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ క్షమించబడ్డాయని నమ్ము." నిజంగానే పలికాను. అతని కన్నీళ్లు నా మెడ మీద వెచ్చగా జారాయి, నా గుండె కరిగింది. అది అబద్ధం కాదు. ఆ క్షణం అక్కడ ఎవరో మా ఇద్దరినీ పట్టుకున్నట్టే ఉంది.

కానీ దాని వెనక ఇంకో నియమం ఉంది. క్షమించిన పాపం కృపాసముద్రంలో మునిగిపోయినట్టే. దాన్ని మళ్లీ పైకి తీసేవాళ్లదే పాపం. చిన్నప్పుడు ఈ మాట వింటే ఎంత హాయిగా ఉండేదో. నా తప్పులు కూడా అక్కడే ఉన్నాయి కదా, ఎవరూ గాలం వేయరు కదా అని. ఆ సముద్రం అడుగున ఒక తలుపు కూడా ఉంటుందనీ, దాని వెనక నేను ఉంటాననీ అప్పుడు ఎవరు చెప్పారు? దయ అని ఇచ్చినదాన్ని శాసనంగా మార్చి నా నోటికి కట్టారు. అడిగినవాడు లేచి, మోకాళ్లు దులుపుకుని, భోజనానికి కూర్చున్నాడు.

గునపం నడవడం మొదలయ్యాక ఉండబట్టలేక బోధకుడి భార్య ఇర్యాకి చెప్పాను. కాఫీ మరకని తుడుస్తూ వింది. "ప్రార్థన చేసుకో" అంది.

ఈ రోజు మధ్యాహ్నం ఆమె భర్త, బోధకుడు రిస్తో గారు వచ్చారు, మా అత్తగారిని వెంటబెట్టుకుని. నేను చేయి చాచాను. మేం విశ్వాసులం ఒకరికొకరు "దేవుని సమాధానం" అని చెప్పుకుంటాం. బయటివాళ్లకి మాత్రం మామూలు పలకరింపే. రిస్తో గారు నా చేయి పట్టుకుని, "బాగున్నావా" అన్నారు.

నేనూ బయటిదాన్నయ్యాను. తీర్పు అయిపోయిందన్నమాట. ఇక కాఫీ తాగడమే మిగిలింది.

పోశాను. ఏలకుల బన్నులు కోశాను. చంటివాడు అర్వో మూల ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. సైమి గుమ్మంలో నిలబడింది.

"పిల్లా, పెద్దవాళ్ల మాటలు వినకు," అంది అత్తగారు. "వేడి తక్కువగా ఉండగానే వెళ్లి స్నానం చేసిరా." సైమి నా వైపు చూసింది. ఎల్మెరి మా ఎదురుగానే, బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు కదా అని తల ఊపాను.

"ఔనె తల్లీ," రిస్తో గారు నన్ను పేరుపెట్టి పిలిచి మొదలుపెట్టారు, "ఎల్మెరి పాపం క్షమించావా, లేదా?"

"క్షమించాను పెద్దయ్యా."

"మరి ఇర్యా దగ్గర ఎందుకు తవ్వావు?"

"పాతది కాదు. ఇప్పుడు గునపం ప్రతి శనివారం..."

"గునపమట!" అత్తగారు చెంచా బల్ల మీద పెట్టింది. "వాడి ఇంట్లో వాడి గునపం ఎక్కడ పెట్టుకుంటే నీకేంటి కోడలా? రెండు కాన్పులకే అలసిపోయినదానివి, ఊహలకి మాత్రం అలుపు లేదు. నేను తొమ్మిదిమందిని కన్నాను, ఇలా ఎవరింటికీ వెళ్లి కూర్చోలేదు."

"అమ్మా, పోనీలే," అన్నాడు ఎల్మెరి మెత్తగా. "పాపం, దానికి నిద్ర ఉండడం లేదు."

రిస్తో గారు కప్పు తిప్పుకుంటూ కూర్చున్నారు. చెడ్డవాడు కాదు. మా నాన్న చావుపడక పక్కన రాత్రంతా కూర్చున్న మనిషి. "చూడు తల్లీ, పశ్చాత్తాపపడితే ఇప్పుడే నేను పలుకుతాను. మొండికేస్తే నీ పాపాలు నీ మీదే బంధించబడతాయి. ఆదివారం సంఘానికి చెప్పాల్సి వస్తుంది. పిల్లల్ని విశ్వాసుల ఇంట్లో పెంచమంటారు. నాకేం ఇష్టమా?"

పిల్లల్ని. ఆ మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. ఒప్పుకుందాం అనుకున్నాను. ఒక్క వాక్యం. రోజంతా ఇంట్లో ఎన్ని అబద్ధాలు చెప్పను? అలసట లేదని, ఆకలి లేదని, నొప్పి లేదని. ఇంకొకటి చెప్తే ఏం పోతుంది? నోరు తెరిచాను.

"కట్టెలు వేసొస్తాను," అన్నాడు ఎల్మెరి. కుర్చీ జరిపి లేచాడు. బయటి తలుపు మూసుకుంది.

కట్టెలు నేను అప్పుడే వేసి వచ్చాను. కిటికీలోంచి చూశాను. దారి మీద అతను తొందరపడకుండా నడుస్తున్నాడు. సౌనా పొగగొట్టం నిటారుగా పొగ వదులుతోంది. వసారా కొక్కేనికి సైమి నీలం స్వెటర్ వేలాడుతోంది.

కప్పు నా చేతిలోంచి ఎప్పుడు పడిందో తెలియదు. మేజోళ్లతోనే మంచులోకి పరిగెత్తాను.

గునపం తలుపుకి అడ్డంగా ఉంది. ఒక కొన చెక్కలో దిగింది, రెండోది మెట్టు సందులో. ఎల్మెరి ఒక చేయి దాని మీద వేసి నిలబడ్డాడు, గుర్రం మెడ మీద చేయి వేసినట్టు. లోపల సైమి ఇంకా కీర్తన పాడుకుంటోంది. దానికి తెలియదు.

"వెళ్లి పెద్దయ్య అడిగింది చెప్పు," అన్నాడు, గొంతు పెంచకుండా. "చెప్పి రా. తీసేస్తాను."

"ఎల్మెరీ, పిల్ల..."

"నువ్వు ఎంత తొందరగా చెప్తే అంత తొందరగా."

కీర్తన ఆగింది. తలుపు లోపలినుంచి ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. "అమ్మా?"

అతని మీద పడ్డాను. కొట్టానో, గోకానో, కొరికానో. అతను నన్ను ఒక్క చేత్తో నెట్టాడు. వెనక మంచు కరకరలాడింది. రిస్తో గారు, నెత్తిన టోపీ లేకుండా, రొప్పుతూ నిలబడి ఉన్నారు. గునపాన్ని చూశారు. తలుపు మీద చిన్న పిడికిళ్ల చప్పుడు విన్నారు.

ఎల్మెరి ముఖం మారిపోవడం నేను చూశాను. దీపం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తీసుకెళ్లినట్టు. మోకాళ్ల మీద పడ్డాడు. కన్నీళ్లు వచ్చేశాయి. "ఔనె, క్షమించు! సైతాను నన్ను పట్టుకున్నాడు. క్షమించానని పలుకు!"

రిస్తో గారి పెదవులు అలవాటుగా కదిలాయి. "పలుకు తల్లీ..." అని, మధ్యలో ఆగిపోయారు.

నేను ముందు గునపం లాగాను. ఎంత బరువో అది. పదకొండేళ్ల పిల్ల ఆ రోజు ఎలా లాగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు తెరుచుకుని వేడి ముఖానికి కొట్టింది. సైమి తువ్వాలు చుట్టుకుని, ఎర్రగా కందిపోయి వచ్చింది. ఏడవలేదు. "నేను లోపలుంటే తీసేవాళ్లు ఎవరూ లేరనుకున్నా," అంది.

దానికి స్వెటర్ తొడిగాను. తర్వాత గునపం రిస్తో గారి చేతికిచ్చాను. ఎల్మెరి దగ్గరికి వెళ్లి, వంగి, అతని మెడ చుట్టూ చేతులు వేశాను. అతని మెడ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక్కో మాటా పలికాను. నామం, రక్తం, అన్నీ. ఒక్క మాటా దాచుకోలేదు.

అతను లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. "పద, కాఫీ చల్లారిపోతుంది."

"పెద్దయ్యా," అన్నాను, "నేను పట్నం వెళ్తున్నాను. పోలీసులకి అంతా చెప్తాను. తలుపు, గునపం, రెండుసార్లూ."

"క్షమించినదాన్ని మళ్లీ..." రిస్తో గారు చేతిలోని గునపం వైపు చూశారు. "అది పాపం కదమ్మా."

"తెలుసు. చేసి వచ్చి మీ ముందు మోకరిస్తాను. అతనికి నేను పలికినట్టు, మీరు నాకు పలుకుతారా?"

జవాబు కోసం నేను ఆగలేదు.

వంటింట్లో అత్తగారు అర్వోని ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. అంతా చూసింది. చేతులు బిడ్డ చుట్టూ బిగించి ఉన్నాయి. కారు తాళం మేకు మీదనుంచి తీసుకుని ఆమె ముందు నిలబడ్డాను. బిడ్డని ఇవ్వదు. లాక్కోవాలి. నా వల్ల కాదు.

"ఎల్మెరి వాళ్ల నాన్న గునపం వాడలేదు," అంది, నా వైపు చూడకుండా. "నేలమాళిగ మూత వాడేవాడు. మీద బంగాళాదుంపల బస్తా పెట్టేవాడు."

ఆమె అర్వో ఉన్ని టోపీ అందుకుంది.

"నేనూ పలికాను. పలుకుతూ పలుకుతూ ముసలిదాన్నయ్యాను." అర్వో చెవులు కప్పేలా ఉన్ని టోపీ లాగి, ముడి వేసి, నా చేతుల్లో పెట్టింది. "బయట చలి."

కారు రెండోసారికి స్టార్టయింది. అద్దంలో వెనక్కి చూశాను. సౌనా ముందు ఎల్మెరి చేయి చాచి నిలబడ్డాడు, గునపం ఇమ్మని. రిస్తో గారు రెండు చేతులా దాన్ని ఛాతీకి హత్తుకుని నిలబడ్డారు. ఇవ్వడం లేదు. మలుపు వచ్చేసింది.

సైమి తడి జుట్టు అప్పటికే గడ్డకడుతోంది. తమ్ముణ్ణి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, మనం చేస్తున్నది పాపమా?"

"అవును," అన్నాను. గేరు మార్చాను.