ఆవు మెడ పట్టుకున్న మనిషి

సుయ్య్... మని నీటి తుంపర.

పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. తుంపర తెల్లగా లేచి ఆవుల వీపుల మీద వాలుతుంది. బయట సౌదీలోని అల్ ఖర్జ్ ఎండ నిప్పులు చెరుగుతున్నా, షెడ్డులో ఆవులకు చల్లగా ఉంటుంది.

ఆ తుంపరలో ఒక దగ్గు.

ఆవుది కాదు... లింబాద్రిది.

ఆవే దగ్గి ఉంటే ఈపాటికి షెడ్డంతా ఉరుకులు పరుగులు. పశువుల డాక్టరు హేమసుందర్ తింటున్న అన్నం వదిలేసి వచ్చేవాడు. దగ్గింది అరవై దాటిన కూలీ. ఎవరూ తల తిప్పలేదు.

ఖర్జూరాలు పచ్చికాయలుగా ఉన్నప్పుడు పట్టుకుంది. కాయలు పండాయి. కోతలూ అయిపోయాయి. దగ్గు మాత్రం పోలేదు.

పక్క తడిసిపోయే చెమటలు. జారిపోయే ప్యాంటుకి తాడు. అన్నం చూస్తేనే వెగటు.

క్యాంపు క్లినిక్‌కి వెళ్ళాడు. దుమ్ము, అన్నారు. సిరప్ ఇచ్చారు.

మళ్ళీ వెళ్ళాడు. వయసు, అన్నారు. అదే సిరప్.

మళ్ళీ వెళ్ళాడు... ఈసారి క్లినిక్ డాక్టరు తల కూడా ఎత్తలేదు.

వయసట! వయసొస్తే మోకాళ్ళు నొప్పెడతాయి, చూపు మందగిస్తుంది. మనిషి సగానికి సగం కరిగిపోతాడా? ముసలివాడి ఒంట్లో ఏ రోగం దూరినా దానికి వయసని పేరు పెట్టేస్తే సరి — వైద్యం చేసే బాధ తప్పుతుంది.

ఆవులకు టీబీ పరీక్షలు చేసే రోజు వచ్చింది. లింబాద్రి ఒక్కో ఆవు మెడ ఒడిసి పట్టుకున్నాడు. హేమసుందర్ సూది వేశాడు. మూడోనాడు వచ్చి, వాచిందా లేదా అని ప్రతి మెడా వేళ్ళతో తడిమి చూశాడు. మెడ పట్టుకున్న మనిషి, ముఖం పక్కకి తిప్పి దగ్గుతూనే ఉన్నాడు.

"డాక్టర్ సాబ్... గా సూదేదో నాగ్గూడ ఎయ్యరాదుండ్రి."

"నువ్వేమైనా ఆవువా లింబాద్రీ?" హేమసుందర్ నవ్వాడు. "ఈ వయసులో దగ్గు రాక ఇంకేం వస్తుందయ్యా!"

షెడ్డంతా నవ్వింది. లింబాద్రి కూడా నవ్వాడు, పాపం.

నోరులేని జీవం బాధ చెప్పకుండానే తెలిసింది వాళ్ళకి. నోరున్నవాడు చెప్పినా తెలియలేదు. ఆ రోగం గురించి అంత చదివినవాడికి, ఆవు మెడ మీంచి ఒక్క మూర పైకి చూడటానికి ఏం అడ్డొచ్చింది?

ఒకనాడు తుంపరలో నిలబడి దగ్గితే... అరచేతిలో రక్తం.

అప్పుడు కదిలారు. పట్నం ఆసుపత్రి. ఎక్స్‌రే. కఫం పరీక్ష.

టీబీ. రెండు ఊపిరితిత్తులకూ పాకింది. మందులు పనిచేస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

"ఇంత ఆలస్యం ఎందుకు చేశావు?" అని ఉర్దూలో గద్దించాడు అక్కడి డాక్టరు.

ఎవరిని అడగాల్సిన మాట... ఎవరిని అడుగుతున్నాడు!

లింబాద్రికి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవగానే మళ్ళీ దగ్గు ముంచుకొచ్చింది.

ఒంటరి గది. మూతికి మాస్కు. గుప్పెడు మాత్రలు. ఒక సాయంత్రం ఇష్తియాక్ ఫోన్ చేశాడు — క్యాంపు గదిలో లింబాద్రి మంచం పైమంచం వాడు, కడప పిల్లోడు.

"నువ్వు పొయ్యినాక ఆవులన్నిటికీ మళ్లా సూదులేసినారు మామా. నీ జబ్బు వాటికేమన్నా అంటుకునిందేమోనని."

"మరి మీకు? రూముల ఉన్నోళ్ళకు?"

"మాకా..?" ఇష్తియాక్ నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే తెగి దగ్గయింది. ఆగని దగ్గు.

"గా దగ్గేంది ర?"

"ఏం లేదులే మామా... దుమ్ము."

దుమ్ము గాదు ర — అని అరవబోయాడు లింబాద్రి. మాస్కు లాగేశాడు. గొంతు దాటి గాలి తప్ప ఏమీ రాలేదు.

అవతల ఎవరో ఇష్తియాక్‌ని పనికి కేకేశారు. ఫోన్ జేబులోకి వెళ్ళిపోయింది. కట్ కాలేదు.

పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

సుయ్య్... మని నీటి తుంపర.

ఆ తుంపరలో ఒక దగ్గు...