పదకొండు ఫోటోలు

డేగకి కారు చూడాల్సిన పనిలేదు, ఫోటోలు చాలు. ఈ మాట అందరూ అనేవారు. ఎవరూ అనకపోతే అతనే అనుకునేవాడు, అదీ పక్కవాడికి వినపడేలా. ముప్పై ఏళ్లపాటు గుద్దుకున్న కార్లకి టింకరింగ్, పెయింటింగ్ చేసి, ఆ రంగు పొగంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయాక, ఇక షెడ్డు ఛాయలకి వెళ్లొద్దని డాక్టరు తేల్చేశాడు. మూడేళ్లుగా టైర్ల కొట్టు మీది గదిలో కూర్చుని, పాత కార్లు కొనబోయేవాళ్లు పంపే ఫోటోలు చూసి, కొనొచ్చో కూడదో చెప్పడమే అతని పని. కన్ను పడితే లోపం బయటపడాల్సిందే కాబట్టి డేగ అన్నారు. భార్య కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది, అయితే ఆవిడ గొంతులో భక్తి తక్కువ.

ఫోటోలు పదకొండు ఉండాలి. పదీ కుదరదు, ఇరవయ్యీ కుదరదు. కారు తడిపి తీయకూడదు, నీళ్లు గీతల్ని మింగేస్తాయి. తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని పొడవునా తీయాలి. ఎదురుగోడ నీడ రేకు మీద తిన్నగా పడితే సరే, అల పోయినట్టు వంగితే కింద సొట్టని పూడ్చిన లప్పం ఉన్నట్టే. బ్రేకు పెడల్ రబ్బరు దగ్గరగా తీయాలి. కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పేవాడు తిప్పుతాడుగానీ అరిగిన రబ్బరు మార్చాలన్న తెలివి చాలామందికి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం తలుపుల మధ్య సందులు. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉండాలి. దానికి కొలబద్ద అక్కర్లేదు, తన కన్నే కొలబద్ద అనేవాడు. ఆ కన్ను మీద అతనికున్న నమ్మకం చూస్తే ఎవరికైనా కాస్త ఒళ్లు మండేది.

ఆ ఒళ్లు మండినవాళ్లలో అతని చెల్లెలొకతె. ఆమె ఎవరిదో డ్రైవింగ్ స్కూల్లో తొమ్మిదేళ్లుగా ఆడవాళ్లకి కారు నేర్పుతోంది. ఐదేళ్ల క్రితం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు అతను తన పనితనం గురించి ఊదరగొడుతుంటే, ఆమె కంచంలోంచి తలెత్తకుండానే, "నువ్వు కార్లు బాగుచెయ్యవు అన్నయ్యా, గుద్దుకున్న సంగతి దాచిపెడతావు" అంది. బావమరుదులు నవ్వారు. అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ రోజునుంచి అన్నాచెల్లెళ్లకి మాటల్లేవు. ఆమె అన్నది అబద్ధమైతే వారంలో మరిచిపోయేవాడు. నిజం కావడంతో ఐదేళ్లయినా మానలేదు.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఆమె దగ్గర్నుంచి ఫోటోలు వచ్చాయి. లెక్కగా పదకొండు. కింద, "ఒక్కసారి చూడవా అన్నయ్యా" అని ఒకే ఒక్క ముక్క. ఇంకొకరి కింద చేసింది చాలనీ, సొంతంగా నేర్పుదామనుకుంటున్నాననీ, కారు ఐదు గంటల దూరంలో ఇంకో ఊళ్లో ఉందనీ, సాయంత్రానికి ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్లు పట్టుకుపోతారనీ తర్వాత ఫోన్లో చెప్పింది. చిన్న తెల్ల కారు. పెట్టుకున్న నగలు, దాచుకున్న జీతాలు అన్నీ ఇందులోకే పోతున్నాయని ఆమె చెప్పలేదు, డేగకి భార్య చెప్పింది.

డేగ తలుపు గడియ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. కళ్లజోడు తుడిచి తుడిచి చూశాడు. తలుపు మీద గోడ నీడ గీసిన గీతలా పడింది. పెడల్ రబ్బరు, మీటరు ఒకే మాట చెబుతున్నాయి. బానెట్ బోల్టుల మీద రంగు చిట్లలేదు, అంటే ఎవరూ విప్పలేదు. వెనక తలుపు పక్క సందు దగ్గరికొచ్చేసరికి అతనికి ముచ్చటేసింది. ఎంత చక్కటి సందు! పైన ఎంతో కిందా అంతే. ఎందుకో ఆ కారు మొత్తంగా తన కంటికి నచ్చింది, ఎప్పటినుంచో ఎరిగున్న మనిషిని చూసినట్టుంది. లోపం దొరక్కపోతే మామూలుగా అతనికి మనసులో ఏదో వెలితిగా ఉండేది. ఆ రోజు లేదు. చెల్లెలికి మంచి మాట చెప్పబోతున్నానన్న సంబరమే మనసునిండా ఉంది.

"కంపెనీ రంగు తల్లీ ఇది. దీని ఒంటిమీద మనిషి చెయ్యి పడలేదు. పూచీ నాది, కళ్లు మూసుకుని కొనుక్కో" అన్నాడు.

"నువ్వన్నావంటే ఇక నాకు చాలు" అందామె. ఐదేళ్ల తర్వాత చెల్లెలి నోట ఆ మాట విని అతను ఫోను పెట్టేశాక కూడా కాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. మరుసటి ఆదివారం ఆమె ఆ కారులోనే ఇంటికొచ్చింది. వదినని ఎక్కించుకుని వీధులన్నీ తిప్పింది. డేగ వెనక సీట్లో కూర్చుని వస్తూ, దారిలో కనబడ్డ ప్రతి కారుకీ వంక పెట్టాడు. చెల్లెలు నవ్వింది, అదీ ఎత్తిపొడుపు లేని నవ్వు.

ఎనిమిది రోజులకి ఆమె మళ్లీ ఫోను చేసింది. నేర్పేవాళ్ల కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉండాలి కదా, అవి బిగించడానికి మెకానిక్కి ఇచ్చాననీ, ఒకసారి రమ్మనీ చెప్పింది. ఎందుకని అడిగితే, వచ్చి చూడమంది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. అతను చెప్పులేసుకుని బయల్దేరాడు.

షెడ్డులో సీట్లన్నీ ఊడదీసి గోడవారన పెట్టారు. నేల కార్పెట్ చుట్టేసి ఉంది. మెకానిక్ చేతిలైటు వేసి చూపించాడు. ముందు సీట్లకీ వెనక సీటుకీ మధ్యన, ఆ తలుపు గడప నుంచి ఈ తలుపు గడప దాకా, నేలంతా అడ్డంగా వెల్డింగ్ గీత. ముందు నుజ్జయిన కారు వెనక సగం, వెనక నుజ్జయిన కారు ముందు సగం తెచ్చి అతికించారు.

"ఒక కారు కాదు మేడం ఇది, రెండు" అన్నాడు మెకానిక్. "చేసినవాడు మాత్రం మామూలోడు కాదు. ఇప్పటిదాకా ఇంత శుభ్రమైన అతుకు నేను చూళ్లేదు. కానీ వెనకనించి ఏదన్నా గట్టిగా తగిలిందంటే నడుం దగ్గర విడిపోద్ది. నేర్చుకునేవాళ్లు ఉన్నట్టుండి బ్రేకు తొక్కుతారు కదా, వెనకోడు వచ్చి గుద్దకుండా ఎలా ఉంటాడు?"

శుభ్రమైన అతుకు అన్న మాటకి డేగ, ఆ పరిస్థితిలో కూడా, పనివాడి కుతూహలంతో వంగి చూశాడు. వెల్డింగ్ మీద నీళ్లు దిగకుండా సీలెంట్ పూసి ఉంది. అందరూ దాన్ని కుంచెతో పూసి వదిలేస్తారు. ఇక్కడ బొటనవేలితో నిమిరారు. నిమిరిన ప్రతిచోటా, వేలు ఎత్తే ముందు కుడివైపుకి చిన్నగా తిప్పి ఎత్తిన గుర్తు. అలా తిప్పే చెయ్యి అతనికి తెలిసినంతలో ఒక్కటే ఉంది. అది ఇప్పుడు అతని జేబులో ఉంది.

షెడ్డు మానేసే ముందు చేసిన ఆఖరి పెద్ద పని అది. బయటూరి వ్యాపారి ఒక ఎర్ర కారు, ఒక బూడిదరంగు కారు లారీలో తెచ్చి దింపాడు. రెంటినీ కోసి, అతికించి, తెల్లరంగు కొట్టడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. దగ్గొచ్చి మధ్యమధ్యలో కూలబడినా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఫోటోలో తెలియకూడదు, అంతే, అన్నాడు వ్యాపారి. ఎవరి కొంపకి వెళుతుందని అతను అడగలేదు. తర్వాత మూడేళ్లూ ఊళ్లోవాళ్ల కార్ల సందుల్ని తన చేతి కొలతతోనే కొలిచాడు. ఆ కొలతకి సరిగ్గా సరిపోయిన కారొకటి ఎదురొస్తే కంపెనీ పని అనుకుని మురిసిపోయాడు. ఛీ అనిపించింది అతనికి, తన మీద తనకే.

మెకానిక్ ఇంకో బేరం వస్తే బయటికెళ్లాడు. చెల్లెలు తిరగేసిన డబ్బా మీద కూర్చుంది. అమ్మినవాడి ఫోను మోగడం లేదనీ, నిన్న బస్సెక్కి వెళ్లి చూస్తే కొట్టు మీద వేరే బోర్డు ఉందనీ చెప్పింది. డేగ తలెత్తలేకపోయాడు.

"నీ తప్పేముందిలే, ఫోటోల్లో కార్పెట్ కింద ఏముందో ఎలా కనబడుతుంది?" అందామె.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ మన్నింపు అతని నెత్తిన చల్లగా పడింది. మెకానిక్కి తెలియదు, ఆమెకి తెలియదు, ఎప్పటికీ తెలిసే దారి లేదు. మళ్లీ వచ్చే ఆదివారం వదినతో కబుర్లకి వస్తుంది. కానీ ఆ జాలి అతను భరించలేకపోయాడు, తిట్లయినా నయమనిపించింది.

"అది నా పనే" అన్నాడు.

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అతను ఎర్ర కారు, బూడిదరంగు కారు, పద్దెనిమిది రోజులు, అంతా చెప్పాడు. బొటనవేలి గుర్తు చూపించాడు. చెబుతున్నంతసేపూ, ఐదేళ్ల క్రితం అన్న మాట ఇప్పుడు పదింతలుగా వస్తుందని ఎదురుచూశాడు. రావాలనే కోరుకున్నాడు. తిడితే ఏడవొచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు, తన టైర్ల కొట్టు మీది గది అమ్మయినా సరే తీరుస్తాననొచ్చు. ఆ మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి.

ఆమె తిట్టలేదు. లేచి వెళ్లి ఆ గీత మీద తన వేలు పెట్టి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిపింది. నేర్చుకోడానికి పేర్లిచ్చిన ఆరుగురు ఆడవాళ్ల సంగతి అతనికి చెప్పింది. అందులో ఒకామెకి మూడో నెల అట. వాళ్లని దీన్లో ఎక్కించలేనంది. ఎక్కించనని ఒట్టు పెట్టుకున్నట్టుగా రెండుసార్లంది.

"ఫోటోలు చూసినప్పుడు నిజంగా పోల్చుకోలేదా?"

"లేదమ్మా. రెండు గంటలు చూశాను."

"నీ చేత్తో చేసింది నువ్వే పోల్చుకోలేదు." ఆమె చుట్టేసిన కార్పెట్ కేసి చూసింది. "అయితే ఇంకెవరూ పోల్చుకోలేరు."

బయటికి తొంగిచూసి మెకానిక్‌ని పిలిచింది. పెడల్సు వద్దనీ, కార్పెట్, సీట్లు ఎలా ఉన్నవి అలా వేసెయ్యమనీ చెప్పింది. తన ఫోను తీసి అన్న ముందు పెట్టింది.

"ఫోటోలు నువ్వే తియ్యి అన్నయ్యా. నీకన్నా బాగా ఎవరు తీస్తారు?"

డేగ ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాడు. ఎక్కడా దొరకలేదు. ఆమె నిజంగానే అడుగుతోంది. అతని పనితనాన్ని ఆమె ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. దానికోసం ఐదేళ్లు ముఖం మాడ్చుకుని కూర్చున్నవాడికి ఇప్పుడు కాదనే నోరు లేకపోయింది.

"కొనేవాళ్లెవరో, ఏమో" అన్నాడు, ఫోను అందుకుంటూ.

"మనకి తెలిసినవాళ్లు కాదులే" అంది చెల్లెలు.