వదిన రాసిన మాట, నేను దిద్దిన మాట

మా వదిన వేసవిలో తప్ప రాయదు. మిగతా పది నెలలూ బడిలో లెక్కలు చెబుతుంది. సెలవులివ్వగానే ఇస్త్రీ బల్లను వసారాలోకి లాగి, దాని మీద కాగితాలు పరిచి, అవి ఎగిరిపోకుండా గరిటెలు బరువు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో గరిటె కావాలంటే ముందు నవల పక్కకు జరపాలి.

ఆవిడ రాసేది ఇంకా రాని కాలాల గురించి, ఎవరూ చూడని లోకాల గురించి. "ఇవన్నీ నీకెలా తోస్తాయమ్మా?" అని చుట్టాలు అడుగుతుంటారు, కూర్చుంటే చాలు వాటంతటవే వచ్చి పడతాయన్నట్టు. నాకు ఒళ్ళు మండుతుంది. రెండు సూర్యుళ్ళున్న ఊళ్ళో నీడ ఎటు పడుతుందో తేల్చుకోవడానికి, మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, రెండు టేబుల్ లైట్లు వెలిగించి, బట్టల క్లిప్పును మనిషిలా నిలబెట్టి, చెమటలు కక్కుతూ మూడు రోజులు స్కేలుతో కొలిచింది. "అక్కడ బట్టలు రెండు పక్కలా ఒకేసారి ఆరిపోతాయి, తిరగేసే పని లేదు. రాసుకో," అన్నాడు అన్నయ్య వేళాకోళంగా. రాసుకుంది కూడా. పొయ్యి మీద పాలు పెట్టి ఒక పేరా రాస్తుంది. పాలు పొంగిపోతాయి. పొయ్యి తుడిచి వచ్చి ఆ పేరా కొట్టేస్తుంది. అంత ఓపిక నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై రెండేళ్ళలో నా చేతి మీదుగా తప్పు పోయిందని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ సంగతి రోజుకొకరికైనా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మూడు వేసవులు రాసిన ఆ నవల మా అచ్చాఫీసుకే వచ్చిందని తెలిసి, "నీ చేతిలో పడిందిగా, నాకిక దిగుల్లేదు," అంది వదిన.

ఆ కథలో రెండు సూర్యుళ్ళ ఊరికి వేరే లోకం నుంచి ఒక అతిథి వస్తుంది. దాన్ని చూస్తే ఊరివాళ్ళకు భయం. మూడు వందల పేజీల్లో ఎప్పుడు నోరు విప్పినా అది తన జాతివాళ్ళను కలుపుకుని "మేము" అనే అంటుంది. ఆఖరి పేజీలో నీళ్ళు అడుగంటి అందరూ ఊరు వదిలిపోబోతుంటే, అడ్డంగా నిలబడి "మనం ఇక్కడే ఉంటాం" అంటుంది. ఇంతసేపూ మేము మేము అన్నది ఇప్పుడు మనం అనడమేమిటి, వదిన చెయ్యి జారిందనుకున్నాను. మనం కొట్టేసి మేము అని దిద్దాను. తప్పు పట్టానని లోలోపల మురిసిపోయాను కూడా.

మొన్న శనివారం నాకు సెలవు. నేను దిద్దాక మళ్ళీ తీసి, ముందురోజు ఇంటికి తెచ్చిన ఆఖరి పేజీలు అన్నయ్య కాఫీ తాగుతూ చదివాడు.

"అయితే చివరికి ఊరు కాజేసిందన్నమాట! దాని వాలకం మంచిది కాదని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా."

వదిన నవ్వింది. "కాజేయడమేంటండీ? అది ఊళ్ళో మనిషైపోతేనూ!"

"మరి ఇదేంటి? 'మేము ఇక్కడే ఉంటాం.' మీరు పోతే పొండి, మేం కదలం అనేగా?"

వదిన కాగితం అందుకుని చదివింది. నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలో కూలబడి, "ఈ ఒక్క మాట కోసమే మిగతాదంతా రాశాను," అంది.

ఆ పేజీలు ఆ పూటే మెషినెక్కుతున్నాయి. ఫోన్ చేస్తే ఆ హోరులో ఎవరూ ఎత్తలేదు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే ఎండలో పడి పరుగెత్తాను. నా తెలివికి నన్ను నేనే దారంతా తిట్టుకున్నాను.

వెళ్ళేసరికి మెషిన్ తిరుగుతోంది. ఆపమని చేతులూపాను. ఫోర్‌మన్ చెవుల్లో దూది తీసి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"'మనం' ఉండాల్సిన చోట 'మేము' పడింది."

"ఒక్క మాటకి మెషిన్ ఆపమంటారా? చదివేవాళ్ళు సర్దుకుంటారు లెండి."

"మీ ఇంటికొచ్చిన మనిషి 'మేము ఇక్కడే ఉంటాం' అంటే ఏం చేస్తారు?"

"మెడపట్టి గెంటుతాను."

"మీరు సామాను సర్దుకుని ఇల్లు వదిలి పోతుంటే, ఆ మనిషే 'మనం ఇక్కడే ఉంటాం' అంటే?"

ఆయన చెయ్యి చాచి మెషిన్ ఆపేశాడు. "ఎవరమ్మా ఇంత ఆలోచించి రాసింది?" అన్నాడు.

"మా వదిన," అన్నాను. ఆ మాటంటుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆయన బల్ల మీది రిజిస్టరు తెరిచాడు. "ఈ పేజీకి కొత్త అచ్చు ప్లేటు చేయాలంటే కారణం రాయాలి. ఇన్నేళ్ళకి మీ మీద తప్పెందుకు లెండి, రచయిత్రే మార్చుకున్నారని వేసేస్తాను. ఎవరు చూడొచ్చారు?"

ఒక్క క్షణం సరేనందామనుకున్నాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వద్దు," అన్నాను. "తప్పు నాది."

"మాది అని రాసుకోండి," అని వెనక నుంచి వినబడింది. వదిన గుమ్మం పట్టుకుని రొప్పుతోంది, మొహమంతా ఎండకి కందిపోయి.

ఇరవై రెండేళ్ళలో నా మీద పడిన మొదటి తప్పు అది. సగమే పడింది.