నూటికి నూరు చూపు

కండక్టరమ్మ నోరంటే డిపో మొత్తానికి హడల్. చిల్లర లేదన్నవాడి జేబులోంచి చిల్లర తానే నడిచి బయటికొస్తుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు ఆమె కన్నెర్రజేస్తే చాలు, లోపలికొచ్చి బుద్ధిగా నిలబడతారు. అంతటి మనిషి ఆ సాయంత్రం తానే హడలిపోయింది. కారణం కడుపున పుట్టిన కూతురే. బడి దగ్గర స్టాపులో నిలబడి, ముందు వెళ్తున్న వేరే బస్సుకి చెయ్యెత్తి, అందులో ఎక్కబోయింది. వెనకే అమ్మ బస్సు. తెల్ల బోర్డు మీద గుమ్మడికాయంత అంకెలు. ఎనుబోతు కూడా చదవగలదు.

"ఆపు బాబాయ్, ఆపు!" అని డ్రైవరు మీద అరిచి, దూకి, పిల్ల జడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. సన్నగా ఉంటుంది, తిన్నగా నడవదు, గెంతుతుంది. రోజూ బడి వదిలాక అమ్మ బస్సెక్కి డిపో దాకా పోతే, పక్కనే ఇల్లు.

"కళ్లు నెత్తికెక్కాయా? అమ్మ బస్సు తెలీదా నీకు?"

"మన హారను కొట్టలేదుగా" అంది పిచ్చుక జడ తడుముకుంటూ.

"హారనేంటే?"

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "పాతది బొంగురుపోయిందని పొద్దున కొత్తది బిగించారు అమ్మాయ్. ఇది కాస్త సన్నగా మోగుతోంది."

"అయితే?"

"అయితే ఏముంది, నీ కూతురు ఇన్నాళ్లూ చెవులతో బస్సెక్కుతోందన్నమాట."

వెనక సీట్లో ఎవడో కిసుక్కుమన్నాడు. కండక్టరమ్మ వాడి వైపు ఒక చూపు విసిరి, కూతుర్ని తన సీటు పక్కన నిలబెట్టి, డ్రైవరు నెత్తి మీదున్న బోర్డు చూపించింది. డ్రైవరుతో మాట్లాడరాదు అని రాసుంటుంది దాని మీద. ఆ బస్సులో ఎవరూ పాటించని నిబంధన అదొక్కటే కాదనుకోండి.

"చదువు."

పిచ్చుక ఛాతీ విరిచింది. అరచేత్తో ఎడమ కన్ను మూసింది. బస్సంతా వినబడేలా రాగం తీసింది.

"ర! స, ప! గ, ట, వ! న, డ, య, ల! చాలు, తర్వాత!"

బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మా నవ్వింది. సగం నవ్వాక టక్కున ఆపేసింది. ఆ పాట ఆమెకీ తెలుసు. నెల కిందట పిల్ల ఇంట్లో పొద్దస్తమానం అదే పాడుతుంటే, శభాష్ అంటూ తలకు నూనె రాసింది తనే.

సంగతేమిటంటే, పై ఆఫీసు నుంచి బడికి ఒక చార్టు వచ్చింది. త్వరలో డాక్టర్ల వ్యాను వస్తుంది, పిల్లల్ని కంటి పరీక్షకు సిద్ధం చేయవలెను అని కబురూ వచ్చింది. ఆ బడి హెడ్మాస్టరుకి పరీక్ష అన్న మాట చెవిన పడితే పూనకం వస్తుంది. జీవితంలో ఆయనకు తెలిసిన పరీక్ష ఒక్కటే, పాసవ్వడం లేదా ఫెయిలవ్వడం. సిద్ధం చేయమన్నారుగా, చేశాడు. లెక్కలు ఆపించాడు, ఆటలు ఆపించాడు. చార్టును ఎక్కాల్లాగా వల్లె వేయించాడు. ఏ వరసలో ఏ అక్షరం, ఏ చేత్తో ఏ కన్ను మూయాలి, అన్నీ. ఎవరో డాక్టరు ఆఖరి వరస కాగానే "చాలు, తర్వాత" అంటాడని ఆయనకు గుర్తు. అదీ నేర్పించాడు. వ్యానులో వచ్చినవాళ్లకి పొద్దు గూకేలోపు ఇంకా బోలెడు బళ్లు తిరగాలి. పిల్లలు గడగడా ఒప్పజెప్పారు, వాళ్లు గబగబా రాసుకున్నారు. ఒక్క పిల్లకీ లోపం లేదు. నూటికి నూరు! ఆ రోజు కూతురు పాసైందని కండక్టరమ్మ బస్సులో అందరికీ చాక్లెట్లు పంచింది.

ఇప్పుడు డిపో వచ్చేదాకా కూతురి చెయ్యి వదల్లేదు.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. కౌంటరు వెనక కూర్చున్నాయన బడి పేరు అడిగి, కంప్యూటర్లో చూసి, సంతోషంగా తల ఊపాడు.

"మీ బడికి లోపాల్లేవమ్మా. ఉచిత కళ్లజోళ్ల పథకంలోంచి తీసేశారు. మీ పిల్లల చూపు దివ్యంగా ఉంది."

"నా పిల్ల నా ఎదురుగానే ఉంది. దీనికి బస్సు కనబడట్లేదు."

"ఇక్కడ కనబడుతోందని ఉందమ్మా."

"ఎక్కడ?"

"కంప్యూటర్లో."

"అయితే దాన్నే బడికి పంపండి, నా కూతురు ఇక్కడ కూర్చుని చీట్లు రాస్తుంది."

గొడవ విని లోపలి గదిలోంచి డాక్టరమ్మ వచ్చింది. వయసు చిన్నది, కళ్ల కింద నల్ల చారలు పెద్దవి. పిల్లని లోపలికి తీసుకెళ్లి, దీపం పెట్టి రెండు కళ్లూ చూసింది.

"కుడి కన్ను దగ్గరివి బాగానే చూస్తోంది. ఎడమ కన్ను పనిమానేసింది. సోమరి కన్ను అంటాం. పనంతా కుడి కన్నే చేసుకుపోతోంది గదా అని మెదడు ఎడమదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కుడి కన్నుకి కూడా దూరం సరిగ్గా ఆనదు, అది అద్దాలతో సరిపోతుంది. ఎడమదానికి అద్దాలు పెట్టి, మంచి కన్నుకి పట్టీ వేసి, దాంతో చాకిరీ చేయించాలి. ఈ వయసులోనే. ఇంకొన్నాళ్లు పోతే ఎన్ని అద్దాలు పెట్టినా ఆ కన్ను మాట మెదడు వినదు."

"అయితే ఇవ్వండి అద్దాలు."

డాక్టరమ్మ చూపు దించుకుంది. "మీ బడి మళ్లీ పథకంలోకి వస్తేనే ఇవ్వగలను. బయట కొంటే ఒక్కసారితో పోదమ్మా. కన్ను మారినకొద్దీ అద్దం మారాలి, ఏళ్ల తరబడి."

కండక్టరమ్మ జీతంలో ఇంటద్దె పోగా మిగిలేది ఆ మాట వినగానే ఆవిరైపోయింది.

అక్కడినుంచి సరాసరి బడికి. హెడ్మాస్టరు గదిలో గోడకి కొత్త మేకు కొట్టిస్తున్నాడు. ఏమిటని అడక్కుండానే చెప్పాడు. "షీల్డమ్మా! లోపం లేని బడి అని పై ఆఫీసు వాళ్లు ఇస్తున్నారు. ఎల్లుండి సభ. పెద్దసారు స్వయంగా వస్తున్నారు. మీ పిచ్చుక చేత స్టేజీ మీద చార్టు చదివిద్దామనుకుంటున్నా. అందరికన్నా గట్టిగా చదువుతుంది."

"మాస్టారూ, దానికి ఒక కన్ను లేనట్టే."

"ఛ, అవేం మాటలు? ఒక్క తప్పు లేకుండా పాసైంది!"

"పాసవ్వడానికి అది లెక్కల పరీక్ష కాదు మాస్టారూ! జ్వరం వచ్చినోడికి థర్మామీటరు పెట్టేముందు చల్లగా ఉండమని ట్యూషను చెప్పారా ఎప్పుడైనా?"

హెడ్మాస్టరు ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్లతో పేచీ తేలిక, ఇలాంటి మంచివాళ్లతోనే చావు. "ఇప్పుడు తప్పని చెబితే ఆ షీల్డు పోతుందమ్మా. బడికి వచ్చిన మొదటి షీల్డు. వానకి కారే కప్పుకి రాలేదు, లేని బెంచీలకి రాలేదు. దీనికి వచ్చింది" అన్నాడు, దాదాపు ఏడుస్తున్నట్టు.

"చూపుకి డబ్బుల్లేవు గానీ చూపించుకోడానికి ఉన్నాయన్నమాట" అని ఆమె లేచొచ్చేసింది.

సభలో అరవాలనే వెళ్లింది. ఖాకీ చొక్కా విప్పకుండా, ముందు వరసలో కూర్చుంది. ఏం అరవాలో బస్సులోనే డ్రైవరు ముందు రెండుసార్లు అరిచి చూసుకుంది. "ఇంకొంచెం తగ్గించు అమ్మాయ్, ఇంజను ఆగిపోయింది" అన్నాడు ఆయన.

పెద్దసారు వచ్చాడు. ఉక్కగా ఉందని ఆయన కోసం పక్క గదిలోంచి పెద్ద ఫ్యాను తెచ్చి పెట్టారు. ఫొటోలో అద్దాలు మెరుస్తాయని ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. స్టేజీకి అటు చివర చార్టుని పురికొసతో వేలాడదీశారు. పిచ్చుకని ఇటు చివర నిలబెట్టారు. వెనక క్లాసు పిల్లలంతా వంత పాడేందుకు వరస కట్టారు. హెడ్మాస్టరు తల ఊపాడు. ఎవరో ఫ్యాను వేశారు.

గాలికి చార్టు రెపరెపలాడింది. పురి విప్పుకుని గిర్రున తిరిగి, వీపు ఇటు తిప్పి, గోడకి అతుక్కుపోయింది. ఇటు వైపు తెల్ల కాగితం. ఒక్క చుక్క సిరా లేదు.

కండక్టరమ్మకి కనబడింది. ఆపండి అనడానికి నోరు తెరిచింది. పిచ్చుక అప్పటికే అరచేత్తో కన్ను మూసేసింది. ఇప్పుడు ఆపితే చార్టు సర్దుతారు, పిల్ల చదువుతుంది, చప్పట్లు, షీల్డు, మేకు. ఆపకపోతే అందరి ముందూ నవ్వులపాలయ్యేది తన కూతురు. తల్లి ప్రాణం గిలగిలా కొట్టుకుంది. అయినా ఆ నోరు, డిపోలో ఎవరూ మూయించలేని నోరు, తనంతట తాను మూసుకుంది.

"ర!" అంది పిచ్చుక ఖాళీ కాగితాన్ని చూస్తూ.

"ర!" అంది క్లాసు.

"స, ప! గ, ట, వ!"

జనంలో గుసగుస మొదలైంది. హెడ్మాస్టరు అటు తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. పిల్లలు ఆగలేదు. వాళ్లని ఆపడం ఆయన నేర్పలేదు. "న, డ, య, ల! చాలు, తర్వాత!" అని గోడలు అదిరేలా ముగించారు.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది పెద్దసారు. "అద్భుతం! ఆఖరి వరస ఎంత చిన్న అక్షరాలో చూశారా!" అన్నాడు.

ఇక నవ్వు ఆగలేదు. కుర్చీల మీంచి జారి పడ్డవాళ్లున్నారు. పెద్దసారు గబుక్కున జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, చార్టు చూసి, మళ్లీ తీసేశాడు. ఆ ఖాళీ కాగితం కన్నా మసకే నయమనిపించినట్టుంది.

పిచ్చుక ఎందుకు నవ్వుతున్నారో తెలియక బిక్కమొహం వేసింది. కండక్టరమ్మ స్టేజీ ఎక్కి కూతుర్ని చంకనేసుకుంది. ఇప్పుడు అరవనక్కర్లేదు. టికెట్ అడిగే గొంతుతో అడిగింది.

"సారూ, ఈ పిల్లకి ఏమీ రాయని కాగితం కూడా కనబడుతోంది. బస్సు మాత్రం కనబడట్లేదు. షీల్డు ఇస్తారా, కళ్లజోడు ఇస్తారా?"

పెద్దసారు అటూ ఇటూ చూశాడు. అటు ఫొటోగ్రాఫరు, ఇటు జనం. "తప్పకుండా మళ్లీ పరీక్షిస్తాం" అన్నాడు.

"ఆ మాట అనకండి సార్" అన్నాడు హెడ్మాస్టరు నీరసంగా. "పరీక్ష అనకండి. చూస్తామనండి."

వ్యాను మళ్లీ వచ్చింది. ఈసారి ఆ డాక్టరమ్మే వచ్చి, పిల్లపిల్లకీ చార్టు మార్చింది. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరు తడబడినప్పుడల్లా "వీడూ పోయాడు, ఇదీ పోయింది" అని నిట్టూర్చాడు. చివరికి తానూ వరసలో నిలబడ్డాడు. ఆయనా పోయాడు. గదిలో ఆ మేకుకి ఇప్పుడు కళ్లజోళ్ల సంచి వేలాడుతోంది, ఆటల పిరియడులో పిల్లలవి పగలకుండా.

ఈ ఒక్క బడి బాగుపడితే లోకం బాగుపడిందని మురిసిపోయే రకం కాదు కండక్టరమ్మ. ఆమె బస్సు దారిలో ఇంకా బోలెడు బళ్లు నూటికి నూరు పొందాయి. బడి పిల్లల తల్లి ఎవరు ఎక్కినా టికెట్‌తోపాటు ఉచితంగా ఒక మాట ఇస్తుంది. "మీవాడూ పాసయ్యాడా? బడికెళ్లి చార్టు తిప్పి చదివించు." పై ఆఫీసు నుంచి డిపోకి ఫిర్యాదు కూడా వచ్చిందట. డిపో మేనేజరు ఆమెను పిలిచి అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.

పిచ్చుకకి అద్దాలు వచ్చాయి, మంచి కన్ను మీద పట్టీ పడింది. "ఎంత చూపు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను, చాకిరీ చేయించండి" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం బస్సు బడి మలుపు తిరుగుతుండగా డ్రైవరు చెయ్యి హారను మీదికి పోయింది.

"కొట్టకు బాబాయ్" అంది కండక్టరమ్మ.

"అమ్మాయ్, పిల్ల..."

"కొట్టకన్నానా!"

ముందు ఇంకో బస్సు వచ్చింది. స్టాపులో పిచ్చుక మెడ సాచి, ఒంటికన్ను చిట్లించి దాన్ని చూసింది. కదల్లేదు. ఆ బస్సు పోయింది. వీళ్ల బస్సు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. పిల్ల చెయ్యి లేవలేదు. కండక్టరమ్మ కడ్డీని నలిపేసేలా పట్టుకుంది. బస్సు స్టాపు దాటబోతుండగా పిచ్చుక ఒక్కసారిగా గెంతి, రెండు చేతులూ ఎత్తి, "మనదే! మనదే!" అని కేకపెట్టింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

"బుద్ధుందా, ఇలాగేనా ఆపేది?" అన్నాడు ఒకాయన.

"నోర్మూసుకుని నిలబడవయ్యా, పిల్ల చదువుకుంటోంది!" అంది కండక్టరమ్మ. కళ్లు తుడుచుకుంటున్నట్టు తెలియకుండా ముక్కు కూడా తుడుచుకుంది.

పిచ్చుక ఎక్కి, అమ్మ ముఖం దగ్గరికి తన ముఖం తెచ్చి, ఆ సోమరి కన్నుతో చాలాసేపు చూసింది.

"అమ్మా, నీకు మీసాలున్నాయే!"

"ఈ లోకంతో వేగేదానికి మీసాలు రాక ఛస్తాయా? జరుగు ముందుకి. బాబాయ్, పోనీ!"