ఐదు దెబ్బల పాట

రూపర్ట్ ఎల్వుడ్ రాసి పంపిన వ్యాసం పదకొండు పేజీలుంది. గ్వెండా రష్‌వర్త్ దాన్ని వంటింటి బల్ల మీద పరుచుకుని, ఎర్ర పెన్సిలు పుచ్చుకుని చదవడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లు బడిపిల్లలకి సంగీతం చెప్పిన చెయ్యి అది, తప్పు కనబడితే ఊరుకోదు. మూడో పేజీ దాటేసరికి ‘మహత్తరం’ అన్న మాటని ఏడుసార్లు కొట్టేసింది. ఆపైన కొట్టడం మానేసి నార్మన్‌కి ఫోన్ చేసింది.

"చదివావా?"

"చదివాను. మనం దేవుళ్లమట," అన్నాడు నార్మన్. "నిన్నటిదాకా నాకు తెలీదు సుమా."

"ఆయన్ని రమ్మను. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి."

పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఈ ఇద్దరూ, మరో ఇద్దరు కుర్రాళ్లూ కలిసి హడర్స్‌ఫీల్డ్‌లో ‘స్పేర్ అంబ్రెల్లాస్’ అని ఒక బ్యాండ్ నడిపారు. పియానో, సగానికి పైగా పాటలు గ్వెండావి. డ్రమ్స్ నార్మన్ లంబ్‌వి. ఆరేళ్లలో ఐదు రికార్డులు తెచ్చారు. నాలుగు నిమిషాల పాటలో మూడుసార్లు రాగం మార్చేవాళ్లు. ఒక పాట పళ్ల డాక్టరు గొంతుతో, ఇంకోటి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న రోగి గొంతుతో పాడేవాళ్లు. బిస్కెట్ల డబ్బాలో నీళ్లు పోసి దాని మోతని రికార్డు చేసేవాళ్లు. దేశంలో సగంమంది నవ్వుకుంటూ కొన్నారు. మిగతా సగం కొనకుండానే నవ్వారు.

రూపర్ట్‌కి అప్పుడు పాతికేళ్లు కూడా లేవు. లండన్‌లో ఒక వారపత్రికకి సమీక్షలు రాసేవాడు. "నాలుగు పదునైన బుర్రలు, నలుగురికీ కలిపి ఒక్క గుండె కూడా లేదు" అని రాశాడు. ఆ వాక్యం పల్లేరుకాయలా బ్యాండ్‌ని పట్టుకుంది. తర్వాత ఎవరు వాళ్ల గురించి రాసినా ముందు అదే రాసేవాళ్లు. ఇప్పుడు కాలం మారింది. పాతికేళ్ల పిల్లలు ఆ పాటలు వెతుక్కుని వింటున్నారు. ఐదు రికార్డులూ ఒకే పెట్టెలో మళ్లీ వేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. లోపల పుస్తకంలో వ్యాసం రాయమని ఆ రూపర్ట్‌నే అడిగింది.

శుక్రవారం పొద్దున్న రైలు దిగి వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి, మంచి కోటు వేసుకుని ఉన్నాడు. కాలువ పక్కనున్న పాత ఉన్ని మిల్లు పై అంతస్తులో కూర్చున్నారు ముగ్గురూ. ఒకప్పుడు వాళ్ల పాటలన్నీ అక్కడే రికార్డయ్యాయి. నార్మన్ ఇప్పుడక్కడ జనం తెచ్చే పాత డ్రమ్స్ బాగుచేస్తుంటాడు.

గ్వెండా కాగితాలు ముందుకు తోసింది. "రూపర్ట్ గారూ, అప్పుడు గుండె లేదన్నారు. ఇప్పుడు ఒళ్లంతా గుండేనంటున్నారు. రెండుసార్లూ మీరు పాట వినలేదు."

"ఆ పాత మాట నన్నింకా వదల్లేదండీ," అన్నాడాయన. "దాన్ని దిద్దుకుందామనే..."

"మీ పాపం కడుక్కోడానికి మా పెట్టె దొరికిందా?"

నార్మన్ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"రెండో రికార్డు వెనకవైపు ఉత్త ఊకదంపుడు," అంది గ్వెండా. "ఆ నెల మాకేం తోచలేదు, ఉన్నదాన్నే సాగదీశాం. దాన్ని కూడా మీరు ఆకాశానికెత్తారు. నాలుగో రికార్డు నిజంగా బావుంటుంది, అలాంటిది అప్పుడు ఇంకెవరూ చేయలేదు. దానికి మీరిచ్చింది అరపేజీ. మా నలుగురి గొంతులూ ఒకదాని మీద ఒకటి పేర్చి, తీగ వాయిద్యం ఒక్కటీ లేకుండా ఆరు పాటలు కట్టాం. మీకు వినబడిందా అసలు?"

"విన్నాను. కానీ జనానికి గుర్తున్నది ‘మిసెస్ హోల్డన్ డౌన్‌స్టెయిర్స్’. అది మీ కిరీటం. ఆ ఐదు దెబ్బల తాళం గురించి రెండు పేజీలు ఊరికే రాయలేదు నేను. తూర్పు ఐరోపా నాట్యాల నుంచి ఆ తాళాన్ని..."

"ఆ పాట పెట్టెలో ఉండకూడదు," అంది గ్వెండా.

నార్మన్ ఇటు తిరిగాడు. ఈ మాట అతనికీ కొత్తే.

ఆ పాట దేశంలో అమ్మకాల్లో మూడో స్థానందాకా వెళ్లింది. కింది వాటాలో కాపురముండే పిసినారి ఇంటావిడ, పైనుంచి కాస్త చప్పుడైతే చీపురుకర్రతో కప్పుని పొడుస్తుంది. ఆవిడ యాసని వెక్కిరిస్తూ గ్వెండాయే పాడింది. దెబ్బలు రెండు పడతాయి, చిన్న ఆగుడు, మళ్లీ మూడు. తక, తకిట. తక, తకిట. పాట మొత్తం ఆ ఐదు దెబ్బల మీదే నడుస్తుంది. అలాంటి ఇంటావిడ నిజంగానే ఉండేది. పేరు ఎడ్నా హోల్డ్స్‌వర్త్. బర్క్‌బీలో ఆవిడ ఇంటి పై గదుల్లో గ్వెండా, నార్మన్ అద్దెకుండేవాళ్లు. పేరు చివర కొన్ని అక్షరాలు కోసేసి పాటలో పెట్టేశారు. కోసిన అక్షరాలేవో ఊరందరికీ తెలుసు.

"యాభై ఏళ్లుగా లేని పట్టింపు ఇప్పుడెందుకే?" అన్నాడు నార్మన్.

గ్వెండా లేచి టేపు యంత్రం దగ్గరికి వెళ్లింది. పెట్టె కోసం కంపెనీవాళ్లు పాత టేపుల్లో గరగర తీసి శుభ్రం చేసి పంపారు. అందులోంచి దెబ్బల టేపు ఒక్కటే పెట్టింది. ఆ దెబ్బలు నార్మన్ కొట్టినవి కావు. ఒక మధ్యాహ్నం అతను ఆ అద్దెగది నేలకి మైకు ఆనించి, కిందనుంచి ఆవిడ నిజంగా పొడుస్తున్నప్పుడే దొంగతనంగా పట్టిన చప్పుడది.

తక, తకిట. తక, తకిట. దాని అడుగునుంచి, నేలచెక్కల అవతలినుంచి, ఒక ఆడగొంతు వచ్చింది. పాత రికార్డుల్లో ఎవరికీ వినబడని గొంతు.

"ఒక్క గంట పడుకోనివ్వండి నాయనా. ఒక్క గంట."

గ్వెండా యంత్రం ఆపేసింది. "రాత్రిపూట మిల్లులో పనికి వెళ్లొచ్చేది. పగలు పడుకునేది. మనకి తెలుసు నార్మన్. తెలిసే మధ్యాహ్నాలు వాయించాం. పైగా గయ్యాళిదని పాట కట్టాం."

"తెలుసు," అన్నాడు నార్మన్.

రూపర్ట్ నెమ్మదిగా అడిగాడు. "ఆవిడ ఉన్నారా?"

"పోయి ముప్పై ఏళ్లు దాటింది. కూతురుంది. లిండ్లీలో."

"మరైతే తీసెయ్యాలో ఉంచాలో మీరొక్కరే ఎలా తేలుస్తారు?"

గ్వెండా ఆయన నోట విన్న మొదటి తెలివైన మాట అది. ఆ సంగతి ఆయనకే చెప్పింది కూడా.

మర్నాడు బస్సెక్కి లిండ్లీ వెళ్లింది. క్షమాపణ పత్రమేదీ రాసుకోలేదు. టేపు నకలున్న చిన్న యంత్రం మాత్రం సంచిలో పెట్టుకుంది. తలుపు తీసిన మావిస్ హోల్డ్స్‌వర్త్‌కి డెబ్భై దగ్గరపడుతున్నాయి. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, గుమ్మంలోనే నిలబడి ఎగాదిగా చూసింది.

"మీరెవరో తెలుసు. పేపర్లో చూశాను, మళ్లీ వేస్తున్నారటగా."

"అందుకే వచ్చాను. ఆ పాట తీసేద్దామనుకుంటున్నాను. ముందు మీకు చెప్పాలనిపించింది."

"లోపలికి రండి. చెప్పులు తుడుచుకోండి."

ముందుగదిలో కూర్చున్నారు. మావిస్ గొంతు పెంచకుండానే చెప్పుకుపోయింది. పాట వచ్చిన ఏడాది వీధి పిల్లలంతా కర్రలతో తలుపు మీద ఆ ఐదు దెబ్బలూ కొట్టి పారిపోయేవాళ్లు. కసాయి కొట్టులో వరసలో నిలబడితే వెనకనుంచి ఎవరో కూనిరాగం తీసేవాళ్లు. అమ్మ అద్దెకివ్వడం మానేసింది. ఆర్నెల్లు పక్క ఊరు బ్రైగౌస్‌లో చెల్లెలింట్లో తలదాచుకుంది. "నాకప్పుడు పదిహేడు. బళ్లో నన్ను మిస్ హోల్డన్ అనేవాళ్లు. మీ పాట బాగా కట్టారని మా టీచరే మెచ్చుకుంది."

"బాగానే కట్టాం. అదే దాంట్లో చెడ్డ సంగతి," అంది గ్వెండా.

మావిస్ ఆమెని కాస్త వేరేగా చూసింది. గ్వెండాకి ఏడుపు వస్తుందేమోనని కనిపెట్టుకున్నట్టుంది. రాలేదు.

గ్వెండా సంచిలోంచి యంత్రం తీసింది. "ఇందులో మీ అమ్మగారి గొంతుంది. వింటానంటేనే పెడతాను."

మావిస్ తలూపింది. దెబ్బలు వచ్చాయి. గొంతు వచ్చింది. "ఇంకోసారి," అంది. మూడుసార్లు వింది. అమ్మ గొంతు ఇంట్లో ఎక్కడా లేదనీ, ఫొటోలే తప్ప ఆ రోజుల్లో ఎవరూ ఎవర్నీ రికార్డు చేసుకోలేదనీ చెప్పింది. ఆ తర్వాత ఉన్నట్టుండి నవ్వింది.

"రెండు కొట్టి ఎందుకు ఆగేదో తెలుసా మీకు?"

"తెలీదు."

"భుజం. ఉన్ని ఏకే యంత్రంలో చెయ్యి ఇరుక్కుని అరవై తొమ్మిదిలో భుజం జారింది. పైకెత్తి రెండు పొడిస్తే మూడోది రాదు. కర్ర రెండో చేతికి మార్చుకుని మూడు కొట్టేది. మీ పాట గురించి పుస్తకాల్లో ఏవేవో రాస్తారు. ఎవరో అయితే బల్గేరియా అని రాశాడు."

గ్వెండా కూడా నవ్వింది, ఆపుకోలేకపోయింది.

మావిస్ ముందుగా నవ్వు ఆపింది. "రికార్డు అట్ట మీద ఆ దెబ్బలు ఎవరివని రాశారు?"

"తాళవాద్యాలు, నార్మన్ లంబ్ అని."

"కొట్టింది మా అమ్మ. పేరు మీ స్నేహితుడిది."

"అవును."

"పాట తీసేస్తే మీకు తేలిగ్గా ఉంటుంది. నా తల్లికి ఒరిగేదేమిటి? ఆ పాట ప్రతివాడి ఫోన్లోనూ ఉంది. పెట్టెలోంచి తీసేస్తే అది జరగలేదని అబద్ధమాడినట్టు. ఉంచండి. అమ్మ పేరు వెయ్యండి, పూర్తి పేరు. ఆవిడ రాత్రులు పనిచేసేదనీ, పగలు మీరు పడుకోనివ్వలేదనీ కూడా రాయండి. ఆ గొంతు తుడిచెయ్యకండి."

"రాస్తాను. ఎవరిచేతా కాదు, నేనే రాస్తాను."

"అయితే సరే." మావిస్ గడియారం చూసింది. "టీ ఇస్తానని మాత్రం అనుకోకండి. మీ బస్సు పది నిమిషాల్లో ఉంది."

తిరుగు బస్సులో గ్వెండాకి అవమానంగా అనిపించలేదు. చెయ్యాల్సిన పని స్పష్టంగా తెలిసిన మనిషికుండే కుదురు చిక్కింది. మిల్లు దగ్గర దిగేసరికి మొదటి పేరా మనసులో తయారుగా ఉంది.

భుజం సంగతి విని రూపర్ట్ ముఖం కాసేపు ఎర్రబడింది. తూర్పు ఐరోపా నాట్యాల రెండు పేజీలనీ తనే తీసి చెత్తబుట్టలో వేశాడు. "ఇక నా పాత వాక్యం. అది వెనక్కి తీసుకుంటున్నానని ఈ పుస్తకంలోనే రాస్తాను," అన్నాడు.

"వద్దు," అంది గ్వెండా. "ఆ పాట విషయంలో మీరన్నది నిజం. అందులో మాకు గుండె లేదు. మా నాలుగో రికార్డు విషయంలో శుద్ధ అబద్ధం. మిగతా యాభై చిల్లర పాటల్లో దేనికి నిజమో, దేనికి అబద్ధమో ఒక్కొక్కటీ విని రాయండి. మీ ఉద్యోగం అదేగా?"

ఆయన మూడు వారాలు హడర్స్‌ఫీల్డ్‌లోనే గది తీసుకుని ఉండిపోయాడు. రోజూ పొద్దున్నే మిల్లుకొచ్చి, ఒక్కో పాటా విడివిడి టేపులుగా విన్నాడు. ఒక పాటలో పక్కగొంతు కావాలనే ఆలస్యంగా వస్తుందని, అది నవ్వించడానికి కాదు, పోయిన అన్న కోసం క్లైవ్ వదిలిన ఖాళీ అని నార్మన్ చెప్పినప్పుడు కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. క్లైవ్ బ్యాండ్‌లో గిటారు వాయించినవాడు, తొమ్మిదేళ్ల కిందట పోయాడు. రెండో రికార్డు వెనకవైపు గురించి మాత్రం రూపర్ట్ గ్వెండా కన్నా ఘాటుగా రాశాడు. ఆవిడకి కొంచెం కోపమొచ్చింది కానీ ఎర్ర పెన్సిలు ముట్టలేదు.

కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, ‘చీపురుకర్ర: ఎడ్నా హోల్డ్స్‌వర్త్’ అంటే జనం ఇదీ మీ జోకే అనుకుంటారేమో."

"చీపురుకర్ర అని వెయ్యమని ఎవరన్నారమ్మా? తాళం అని వెయ్యి. నార్మన్ పేరు దాని కింద."

నార్మన్ పక్కనే ఉన్నాడు. "ఇంకా కిందైనా ఫరవాలేదు," అన్నాడు.

నవంబరులో టౌన్ హాల్లో పెట్టె విడుదల చేశారు. నాలుగొందల మంది వచ్చారు, సగానికి సగం పాతికేళ్లలోపువాళ్లు. పోర్చుగల్‌లో స్థిరపడిన నాలుగో మనిషి టెరెన్స్ కూడా విమానం దిగి వచ్చి క్లైవ్ బదులు గిటారు అందుకున్నాడు. మూడో వరసలో చివరి కుర్చీలో కోటు విప్పకుండా మావిస్ కూర్చుంది.

ఆ పాట వంతు వచ్చినప్పుడు గ్వెండా పియానో ముందునుంచి లేచి నిలబడి, ఎడ్నా హోల్డ్స్‌వర్త్ ఎవరో, ఏ పనికి ఎన్నింటికి వెళ్లేదో, భుజానికేమైందో చెప్పింది. దాచుకోకుండా, సాగదీయకుండా చెప్పింది. తర్వాత నార్మన్ డ్రమ్ముల వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టేపు మీది దెబ్బలు హాలంతా నిండాయి. గ్వెండా పాడింది, ఆ యాస లేకుండా, తన గొంతుతో. నవ్వొచ్చే చోట్ల జనం నవ్వారు, ఎందుకంటే అవి ఇప్పటికీ నవ్వొచ్చే మాటలే. ఆఖర్న ఆ ఒక్క గంట అడిగిన గొంతు వచ్చింది.

విరామంలో మావిస్ పెట్టెలు అమ్మే బల్ల దగ్గరికొచ్చి పుస్తకం తెరిచింది. పేజీ వెతుక్కుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చూసింది.

"పేరు సరిగ్గానే వేశారు," అంది.

"నాలుగుసార్లు చూశాను."

"మిగతా పాటలెలా ఉంటాయి?"

"ఇప్పుడు నాలుగో రికార్డు పాడబోతున్నాం. అది మేం చేసిన వాటిలోకెల్లా మంచిది. ఉండి వినండి," అంది గ్వెండా.

మావిస్ కోటు విప్పి చేతికి వేసుకుని, తన కుర్చీ వైపు నడిచింది.