తొట్టి వరస

ఆ ఊళ్లో కబడ్డీ ఆడే జాగాకు పడమటి గీత దాటితే నాలుగడుగుల దూరంలో పశువుల నీళ్ల తొట్టి ఉంటుంది. రాతి తొట్టి. ఎవరి తాతల కాలంలో కట్టారో గానీ దాని అంచులు ఇప్పటికీ అరగలేదు. రాయికోడ్ చుట్టుపక్కల ఇంత కబడ్డీ పిచ్చి ఉన్న ఊరు ఇంకోటి లేదు, ఇంత పనికిమాలిన జాగాలో ఆడే ఊరూ ఇంకోటి లేదు. ఊళ్లో చదునైన నేల అదొక్కటే ఉంటే ఏం చేస్తారు మరి. అందుకని తొట్టి ముందు ఒక వరస పెట్టుకున్నారు. ఆ వరసలో పిల్లల్ని కూర్చోనివ్వరు, ముసలివాళ్లను కూర్చోనివ్వరు. చేతుల్లో బలమున్న మగవాళ్లే కూర్చుంటారు. ఆటగాడెవడైనా గీత దాటి దొర్లుకుంటూ వస్తే రాయికి తగలకుండా పట్టి ఆపడం వాళ్ల పని. మనవాడా, అవతలివాడా అని చూడరు. పట్టుకుంటారు, మట్టి దులిపి మళ్లీ ఆటలోకి తోస్తారు.

ఆ వరసలో నడుమ చోటు వీరప్పది. చెరకు మోపులు మోసి మోసి రాటుదేలిన చేతులు ఆయనవి. ఊరి కుర్రాడు వికాస్ నిక్కరు వేసుకుని కూతకు వెళ్లడం నేర్చుకున్న నాటి నుంచి ఎన్నిసార్లు వాణ్ని గుండెకు అదుముకుని ఆపాడో లెక్కలేదు. వికాస్‌కు వరసకు మామ. సొంత మామ ఉన్నా అంతకన్నా చూసుకునేవాడు కాదు. వికాస్ కూతకు లేస్తే వీరప్ప ఊపిరి బిగపట్టేవాడు, వాడు గీత ముట్టాకే వదిలేవాడు. పెళ్లాం ఎంకమ్మ ఆయన్ని చూసి నవ్వేది, ఆడేది వాడా నువ్వా అని.

అలాంటి వికాస్ ఈ ఏడు ఊరి జట్టు వదిలేశాడు. వదిలినా ఊరు ఓర్చుకునేదేమో. వెళ్లి పృథ్వీరాజ్‌తో కలిశాడు. కోహీర్ పృథ్వీరాజ్ అంటే ఆ ఊళ్లో తిట్టుతో సమానం. ఏటేటా ఫైనల్లో వికాస్ కాలు పట్టి మట్టి కరిపించేవాడు వాడే. కప్పు కోహీర్‌కు పోయేది, ఊరంతా అన్నం సయించక పడుకునేది. ఏనాటికైనా మా వికాస్ వీణ్ని పడగొడతాడన్న ఒక్క ఆశ మీద ఊరు బతికింది. చివరికి ఆ ఇద్దరూ చేతులు కలిపి జహీరాబాద్ జట్టులో చేరారు. టౌన్‌లో వాళ్ల ఫ్లెక్సీ కట్టారు. అల్లం బస్తాలు దింపి వస్తూ వీరప్ప చూశాడు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, పళ్లు బయటపెట్టి. ఇంతకాలం తాను ఏడ్చిన ఏడుపంతా వీళ్లకు నవ్వులాటా?

అంతకు ముందే వికాస్ ఇంటికొచ్చి జట్టు మారుతున్నానని చెప్పిపోయాడు. వీరప్ప కుర్చీ కూడా వెయ్యలేదు.

“మోకాలు ఇంకెన్ని దినాలు ఆగుతదో తెల్వదు మామా. ఒక్కసారన్న గెలిచి సూడాలె గదా,” అన్నాడు వికాస్.

“వాన్ని ఓడగొట్టి గెలువు. అప్పుడు సూస్త,” అన్నాడు వీరప్ప.

వికాస్ గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లాక ఎంకమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక తానే తాగింది.

ఈసారి పోటీలు పెట్టే వంతు ఆ ఊరికి వచ్చింది. సెమీఫైనల్లో జహీరాబాద్‌తో ఊరి జట్టే తలపడాలని తేలేసరికి జనం మాటలు తగ్గిపోయాయి. తిట్టినన్నాళ్లూ భయం లేదు గానీ, ఊరు నోరు మూసుకుంటే మంచిది కాదు. ఆట ముందురోజు పొద్దున జట్టు పెద్ద రామ్‌కిషన్ తన చాయ్ హోటల్‌కు తొట్టి వరసవాళ్లను పిలిపించాడు. వికాస్‌ను కొట్టాలని ఒకడన్నాడు, బండి టైర్లు కోయాలని ఇంకొకడన్నాడు. రామ్‌కిషన్ అందరికీ చాయ్ పోయించి, నెమ్మదిగా చెప్పాడు.

“వాని మీద చెయ్యి ఎత్తేది లేదు. అడ్డం పెట్టేది గుడ లేదు. వానికి మనం అక్కర లేదు, మనకు వాడు అక్కర లేదు. వాడు దొర్లుకుంట వస్తే జర పక్కకు జరుగుర్రి. గంతే.”

ఆ మాట అందరికీ నచ్చింది, అదీ వచ్చిన చిక్కు. అందులో పాపం కనిపించలేదు వాళ్లకు. ఏమీ చేయకపోవడం తప్పెలా అవుతుంది? వీరప్ప చాయ్ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఔననలేదు, కాదనలేదు. అది ఔననడమేనని అందరూ అనుకున్నారు.

ఇంట్లో ఎంకమ్మకు చెబితే ఆమె వండే వంట ఆపేసింది. “కోపముంటే వాన్ని నోటినిండ తిట్టు. ఆడ కూసొని చేతులు మాత్రం ముడుసుకోకు. పోకు రేపు, ఇంట్లనే ఉండు,” అంది. వీరప్ప పోతాననే అన్నాడు. తాను లేకపోతే వాణ్ని పట్టేవాడెవడూ ఉండడు కదా, తాను మాత్రం పట్టుకుంటాడు, ఎవరేమనుకున్నా సరే. తనకు తాను అలా చెప్పుకున్నాడు. చెప్పుకున్నప్పుడు నిజంగానే నమ్మాడు.

మరునాడు మధ్యాహ్నం జనం కిక్కిరిసిపోయారు. అంతమంది ఉన్నా ఈల లేదు, డప్పు లేదు. ఝరాసంగం నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లకు ఇదేం ఆట అన్నది అర్థం కాలేదు. జహీరాబాద్ జట్టు జాగా చూసుకుంటూ పడమటి వైపు వచ్చింది. పృథ్వీరాజ్ తొట్టి దగ్గర ఆగి, అంచు మీద చెయ్యి వేసి చూశాడు. ఇక్కడ గడ్డి మోపులు వేయిద్దామని అన్నాడు. పక్కనే ఉన్న వికాస్ నవ్వేశాడు.

“ఎందుకన్నా, ఈడ మా మామ ఉన్నడు,” అన్నాడు.

వీరప్ప వైపు చూసి తలూపాడు కూడా. వీరప్ప చూపు తిప్పుకున్నాడు. వెళ్లి పిల్లవాడి చెవిలో ఒక్క మాట వేస్తే సరిపోయేది. లేవబోయాడు కూడా. వెనకనుంచి రామ్‌కిషన్ దగ్గాడు. వీరప్ప లుంగీ సర్దుకోవడానికే లేచినట్టు చేసి మళ్లీ కూర్చున్నాడు.

ఆట మొదలైంది. ఊరి పిల్లలు బాగానే ఆడారు గానీ ఆ ఇద్దరి ముందు ఎంతసేపు? వికాస్ పాయింట్లు తెస్తుంటే పృథ్వీరాజ్ ఒక్కణ్నీ వదలకుండా పడుతున్నాడు. వికాస్ తిరిగొచ్చిన ప్రతిసారీ పృథ్వీరాజ్ వాణ్ని కావలించుకుని గాల్లోకి లేపుతున్నాడు. వీరప్పకు ఆ కావలింత చూడటం కష్టమైంది. ఆ గుండె ఎవరిది? దాన్ని ఇన్నేళ్లు అదుముకున్నదెవరు? మట్టి మీద పడి ఏడ్చిన పిల్లవాణ్ని ఎత్తుకున్నవి ఈ చేతులు, పడేసినవి ఆ చేతులు. ఇప్పుడు వాడికి ఆ చేతులే తీపయ్యాయి.

వికాస్ మళ్లీ కూతకు వచ్చాడు. ఈసారి ఊరి జట్టు ముగ్గురు కలిసి తోశారు. వాడు తలచుకుంటే నిలదొక్కుకునేవాడే. కానీ పడమటి వైపంటే వాడికి ఎన్నడూ బెదురు లేదు. ఇల్లు చేరుతున్నంత ధీమాగా ఒళ్లు వదిలేసి, దొర్లుకుంటూ గీత దాటాడు. వరస విడిపోయింది. అటు సగం, ఇటు సగం, చప్పుడు లేకుండా జరిగారు. నడుమ వీరప్ప ఒక్కడు మిగిలాడు.

చేతులు లేచాయి. అది నిజం. లేచిన చేతుల్ని వెనక్కి తీసుకున్నాడు, అదీ నిజమే. భయంతో కాదు, రామ్‌కిషన్ కోసం కాదు. ఒక్కసారి తగలనీ, తెలిసొస్తుంది అనుకున్నాడు. అనుకుని మోకాళ్లు పక్కకు జరిపాడు.

రాయికి తల తగిలిన చప్పుడు పెద్దదేం కాదు. ఆ నిశ్శబ్దంలో గనక అందరికీ వినిపించింది. ఆడవాళ్లలో ఎవరో అయ్యో అన్నారు. వరసలోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. అవతలి కొసనుంచి పృథ్వీరాజ్ ఉరికొచ్చి, మోకాళ్ల మీద కూలబడి, తన బనియన్ విప్పి వికాస్ తలకు అదిమిపెట్టాడు. దవాఖానకు బండి తెమ్మని అరిచాడు.

వికాస్ కళ్లనిండా నెత్తురు. ఏమీ కనిపించడం లేదు. చెయ్యి చాపి తడుముతుంటే వీరప్ప మోకాలు తగిలింది. ఆ లుంగీ గరుకును పట్టే పోల్చుకున్నాడో ఏమో, గట్టిగా పట్టుకున్నాడు.

“మామా,” అన్నాడు. “జోర్‌గ వచ్చిన గదా. నీ చేతులకేం గాలేదు గదా?”

పృథ్వీరాజ్ తలెత్తి వీరప్ప చేతుల వైపు చూశాడు. మట్టి అంటని చేతులు. చాలాసేపు చూశాడు.

“ఏం గాలే బిడ్డా,” అన్నాడు వీరప్ప.